అచ్చు అతికిన రోజులు

రాసుకో పాపా. నీ సంగతే అయినా సిగ్గుపడకుండా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ పేరు వద్దులే.

నువ్వు చదువు కోసం ఐర్లాండుకు పోయిన మొదటి చలికాలం అది. జమ్మలమడుగు పక్కన మన నేతవీధిలో ఎండ అప్పుడు కూడా గోడల మీద తెల్లగా కాసేది. నీ కిటికీలో మాత్రం ఎప్పుడూ వానేనంటివి. మనకు మధ్యాహ్నమైతే నీకు పొద్దున. నేను అన్నం తిని మగ్గం గుంతలో కాళ్లు పెట్టేసరికి నీ ఫోను వచ్చేది.

"మాట్లాడొద్దు జేజీ. ఊరికే నేస్తా ఉండు. ఆ సద్దు వింటే నిద్రొస్తాది," అనేదానివి.

ఫోను గుంత గట్టు మీద పెట్టేదాన్ని. నీ ముఖం కనపడేది కాదు. ఊపిరి మాత్రం వినపడేది. నూలు మోసుకుంటూ నాడె అటు పోయేది, ఇటు వచ్చేది. కాసేపటికి నాకూ కునుకు పట్టినట్టుండేది, కాళ్లు మాత్రం తొక్కుతూనే ఉండేవి. నూలు మన గడప దాటి, పెన్న దాటి, సముద్రం మీద సన్నగా సాగిపోయి నీ దుప్పటి అంచు పట్టుకున్నట్టు అనిపించేది.

ఎంత మురిసిపోయానో! నా మగ్గం పాట లేకుండా నా మనవరాలికి గడవదని వీధంతా చెప్పుకున్నాను. కాలేజీకి పోవాల్సిన వేళలో పిల్ల ఎందుకు పడుకుంటోందని ఒక్కరోజూ అడగలేదు. అదీ నేను చేసిన తప్పు.

ఇంతలో మగ్గం మీద అచ్చు అయిపోయింది. అంటే నిలువుగా సాగదీసిన నూలు చివరికొచ్చింది. పాత నూలు కొసలను మనం తీసి పారేయం. ఒక్కో కొసకూ ఒక్కో కొత్త పోగు అతుకుతాం. వేలకు వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని, మెలిపెట్టుకుంటూ రోజుల తరబడి కూర్చోవాలి. ఆ పని మన వీధిలో ఎవరూ ఒంటరిగా చేయరు. పిలవకుండానే పక్కవాళ్లు వస్తారు. ఆ రోజు ఎదురింటి మా మరదలు వచ్చింది. మగ్గం మూగగా ఉంది.

"ఏమి జేజీ, ఆపినావు?" అన్నావు ఫోనులో.

"అచ్చు అతుకుతాండాం పాపా. ఎల్లుండి దాకా సద్దుండదు."

ఫోనులో నీ ఏడుపు వినపడింది.

"నేను రూము దాటి పన్నెండు దినాలైంది జేజీ. కాలేజీకి పోలేదు. బ్రెడ్డు తింటాండా. ఆ సద్దుంటే దినం గడుస్తాది. లేకుంటే నాకేమైతాదో అని భయంగా ఉండాది."

నా వేళ్ల మధ్య పోగు తెగింది. దిష్టి తీస్తాను అనబోయాను. మరదలు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ఫోను దగ్గరికి వంగింది.

"ఆడ మీ కాలేజీలో ఇట్లాంటివి చెప్పుకునేదానికి ఎవరూ లేరా పాపా?"

"ఉండాది ఒకామె, దానికోసమే. పోతే పిచ్చిదనుకుంటారని..."

"మీ జేజి నలభై ఏండ్లుగా నేస్తాండాది. అచ్చు అతకను మాత్రం నేను రావాల్సిందే. అంటే ఆమెకు నేత రాదనా?"

"నిన్నెవరే పిలిచింది? వక్కాకు కోసం నువ్వే వచ్చినావు," అన్నాను. నువ్వు ఏడుస్తూనే ఫక్కున నవ్వావు.

మరుసటి రోజు నీ ముఖం కనపడింది. గొడుగు కింద నువ్వు, వెనక ఒక తలుపు. బుగ్గలు పీక్కుపోయాయి.

"ఆమె తలుపు కాడికొచ్చినా జేజీ. కాళ్లు కదల్లేదు. కొంచెం సేపు నేస్తావా?"

అచ్చు సగమే అతికాం. అప్పుడు తొక్కితే అతుకులు తెగుతాయని మన వీధిలో చిన్నపిల్లకైనా తెలుసు. నేను గుంతలో దిగాను.

"వదినా, మతుండాదా? రెండు దినాల పని!" అని అరిచింది మరదలు.

"తెగనీలే."

తొక్కాను. టక్కు, టక్కు. తెగిన పోగులు ఎండలో మెరుస్తూ నా ఒళ్లో వాలాయి. ఫోనులో తలుపు తెరుచుకున్న చప్పుడు, ఎవరిదో మెల్లని మాట. నువ్వు ఫోను ఆపేశావు. నేను ఇంకాసేపు తొక్కుతూనే ఉన్నాను.

సాయంత్రం మరదలి తిట్లు తింటూ తెగినవి అతుకుతుంటే మళ్లీ మోగింది.

"శానా ఏడ్చినా జేజీ. ఆమె ఏమీ అనలేదు. డాక్టరు కాడికి కూడా తోడొస్తాననింది. బుధవారం మళ్లీ రమ్మనింది." అంతలోనే, "ఎన్ని తెగినాయి?" అన్నావు.

"ఎవరు లెక్కపెట్టినారు? ఏమన్నా తిన్యావా?"

"బయటికి పోయి తింటా. నువ్వు ఫోను పెట్టెయ్ జేజీ."

అన్ని రోజుల్లో నువ్వు పెట్టెయ్యమన్నది అదే మొదటిసారి. పెట్టేసి, వేళ్లకు మళ్లీ బూడిద అద్దుకున్నాను.