బోరు లారీ సార్

ఈ ఉదయం మా వీధిలో బోరు వేస్తుంటే తడి రాతిపొడి వాసనకు మా సైన్సు సార్ గుర్తొచ్చారు. శింగనమల దగ్గరి మా చిన్న బడిలో టీచర్లందరూ ఏదో ఒక పని వదిలి వచ్చినవాళ్లే. సార్ వదిలింది బోరు లారీని. మా ఊళ్లో ఏ బోరులోనూ నీళ్లు పడలేదు కాబట్టి ఆయన్ను పనిలోంచి తరిమేశారని అప్పట్లో నా నమ్మకం. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"నీళ్లు పడలేదని తరిమేసినారా సార్?"

ఆయన పగలబడి నవ్వారు. "లేదు పాపా. పడినా, పడకపోయినా లారీ ఇంకో ఊరికి పోతాది. ఆ నీళ్లకు ఏం పండిందో ఒక్కసారి గూడా చూడలేదు. అందుకే ఈడికొచ్చినా."

బడి చుట్టూ కంపచెట్లే. ఇక్కడేం పండుతుందా అని చాన్నాళ్లు వెతికాను.

ఈ సాయంత్రం మా వీధిలోంచి లారీ వెళ్లిపోయాక ఆయనకు ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే అడిగారు: "ఇప్పుడేం చేస్తాండావు పాపా?"