మా రవణప్ప కారు దిగాడో లేదో

మీరు నమ్మండి, నమ్మకపోండి. అన్నం తినే చేత్తో చెప్తున్నాను, ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా కళ్ళతో చూశాను. నాతోపాటు చూసినవాడు మా చిన్నాయన కొడుకు మునికృష్ణ. ఇప్పుడు ఆ మాట ఎత్తితే వాడు లేచి బయటికి వెళ్ళిపోతాడు. అందుకే నేనే చెప్పాలి...

మా తమ్ముడు రవణప్ప బెంగళూరు ఆసుపత్రిలో ఉన్నాడు. లివరు చెడిపోయింది. ఆ సాయంత్రం డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇంటికి తీసుకుపోండమ్మా" అన్నాడు. అంతే. ఆ మాటకు అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మాది బాగేపల్లి తాలూకా, పాతపాళ్య దగ్గర చిన్న పల్లె. మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. బయట ప్రాణం పోయిన మనిషిని పొలిమేర దాటనివ్వరు. ఊరి బయటే పందిరి వేసి, అటునుంచి అటే పూడ్చడానికి పొలానికి తీసుకుపోతారు. ఊపిరి ఉండగా పొలిమేర దాటితేనే సొంత ఇంట్లో, దీపం పక్కన పడుకోబెడతారు.

రవణప్ప అడిగింది కూడా అదొక్కటే. "నన్ను బయట పండబెట్టద్దు అక్కా. నా ఇంట్లోకి తీస్కపో."

వాడి భార్య నారాయణమ్మను ముందే బస్సెక్కించి పంపాను, ఇల్లు కడిగి దీపం పెట్టమని. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుందని మునికృష్ణ తన కారు తెచ్చాడు. చిక్కబళ్ళాపుర పక్కన వాడి పొలం ఇళ్ళ స్థలాల లేఅవుట్‌కు పోయింది. ఆ డబ్బుతో కొన్నాడు. ఆ కంపెనీ చేసే కార్లన్నిటిలోకి అదే పెద్దదట.

ఏం కారో అది! మునికృష్ణ దాని దగ్గరికి వెళ్ళగానే తలుపు పిడి లోపలినుంచి బయటికి వచ్చింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. వెనక సీటు మంచంలా వాలింది. కాళ్ళకింద మెత్తటి పీట లేచింది. లోపల సన్నగా నీలం వెలుతురు. చప్పుడే లేదు. కిటికీలోంచి చూస్తేనే బండి కదులుతోందని తెలిసేది.

ముందర అడ్డంగా ఒక పెద్ద అద్దం తెర. దాంట్లో పైనుంచి చూసినట్టు కారు బొమ్మ, నాలుగు సీట్లు. మనిషి కూర్చున్న సీట్లో ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. ఆ చుక్క పెద్దదవుతుంది... చిన్నదవుతుంది... మళ్ళీ పెద్దదవుతుంది.

"అది ఊపిరి అక్కా" అన్నాడు మునికృష్ణ. "బండే కనిపెడతాది. బిడ్డను లోపల మర్చిపోయి తలుపేసినామనుకో, అదే అరుస్తాది."

వాడు ఏదో నొక్కితే సీటు రవణప్ప నడుము కింద మెల్లగా పిసకడం మొదలుపెట్టింది. తమ్ముడు కళ్ళు తెరిచాడు.

"ఒరే మునీ... మీ వదిన ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా ఇట్ల నడుము పట్టలేదు కదరా."

"ఉండన్నా, వదినకు చెప్తా. రేపు నీకు ఉండాది!" అన్నాడు మునికృష్ణ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మావాళ్ళకు ఇంకో అలవాటు ఉంది. అట్లా తీసుకొచ్చేటప్పుడు ఊరు ఊరికీ, మలుపు మలుపుకీ మనిషిని పేరు పెట్టి పిలవాలి. ఎక్కడున్నామో చెప్పాలి. లేకపోతే ప్రాణం దారిలో ఎక్కడో నిలిచిపోతుందని మా అమ్మ అనేది. నేను వాడి పక్క సీట్లో కూర్చుని, చెయ్యి పట్టుకుని పిలుస్తూ వచ్చాను.

"రవణప్పా, చిక్కబళ్ళాపుర దాటినాము. పలుకప్పా."

"ఊఁ..."

"రవణప్పా, మండికల్లు దారి ఇది. మన చుక్కల ఆవును కొనింది ఈడే కదా."

"ఊఁ..."

బాగేపల్లి టోల్‌గేటు. లైట్ల వెలుతురు వాడి ముఖం మీద పడింది. పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. నా చేతిలో ఉన్న చెయ్యి... చల్లగా అయింది. ఏసీకి అయ్యే చల్లదనం కాదది. మీకెట్లా చెప్పను!

"మునీ... ఊపిరి ఉండాదా చూడు."

వాడు తెర వైపు చూశాడు. "ఉండాది అక్కా. ఇదో, చూడు."

నిజమే. తమ్ముడి సీట్లో చుక్క వెలుగుతోంది. పెద్దదవుతోంది... చిన్నదవుతోంది... నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఏమీ తగల్లేదు. మళ్ళీ తెర చూశాను. చుక్క ఉంది. మళ్ళీ వేలు పెట్టాను. ఏమీ లేదు. చివరికి నా వేలిని నమ్మలేదు. తెరనే నమ్మాను. నమ్మకుంటే వాడు బయటే ఉండిపోతాడు కదా!

పొలిమేర దగ్గర టార్చీలు పట్టుకుని మావాళ్ళు నిలబడి ఉన్నారు. ఊరి పెద్ద చెన్నరాయప్ప కారు ఆపి వంగాడు.

"ఊపిరి ఉండాదా?"

"ఉండాది తాతా. నువ్వే చూడు" అని మునికృష్ణ తెర చూపించాడు.

ఆయన ఆ చుక్కను చాలాసేపు చూశాడు. "సరే, పోనీండప్పా" అన్నాడు.

ఇంటి ముందు కారు ఆగింది. తలుపు తెరుచుకుంది. మగవాళ్ళు వాడిని ఎత్తుకుని లోపలికి వెళ్ళారు. నేను వెనకే పరిగెత్తాను. మా వెనక ఆ తలుపు దానంతటదే, చప్పుడు లేకుండా మూసుకుంది. దీపం పక్కన పడుకోబెట్టాక చెన్నరాయప్ప గుండెమీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తీసేసి తలపాగా విప్పాడు. ఇంక ఏడుపులే.

కాసేపటికి మునికృష్ణ నా కొంగు పట్టుకుని లాగాడు.

"అక్కా... ఒకసారి బయటికి రా."

వెళ్ళాను. వీధిలో ఎవరూ లేరు. కారు ఒక్కటే ఉంది. లోపలినుంచి సన్నగా... టింగ్... టింగ్... టింగ్...

"లాక్ పడల్యేదు అక్కా. వెనక మనిషి ఉండాడంటాది."

అద్దంలోంచి చూశాను. సీట్లు ఖాళీ. తెరమీద మూడు సీట్లలో చీకటి. రవణప్ప సీట్లో... చుక్క. పెద్దదవుతోంది... చిన్నదవుతోంది... అదే వేగం. బాగేపల్లి దగ్గర చూసిందే.

"నడుము పట్టే మిషను ఆగల్యేదేమో" అన్నాను.

మునికృష్ణ అది ఆపాడు. సీటు మీద పరిచిన దుప్పటి తీసి దులిపాడు. సీటు మొత్తం తడిమాడు. బండి ఆపేసి మళ్ళీ వేశాడు. తెర వెలిగింది... ముందు ఏమీ లేదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ఆ ఒక్క సీట్లో... మెల్లగా... చుక్క వచ్చింది.

వెనకనుంచి నారాయణమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చిందో! "వదినా, ఆయప్పను దిగమని పిలిచినారా?"

నేను మునికృష్ణను చూశాను. వాడు నన్ను చూశాడు. దారంతా పిలిచాం. ఇల్లొచ్చిందని ఎవరూ చెప్పలేదు. తలుపు అదే తెరుచుకుంది, అదే మూసుకుంది. ఊపిరి ఉందా లేదా అన్న హడావుడిలో ఆ ఒక్క పిలుపు జారిపోయింది.

నారాయణమ్మ తలుపు తెరిపించింది. చెయ్యి లోపలికి చాచింది. "దిగప్పా. ఇల్లొచ్చింది. నేను... నారాయణమ్మను."

టింగ్...

"నేనంటే కోపమా? రా. దిగు."

టింగ్...

ఆమె లోపల కూర్చుంది. ఆ సీటు మీద అరచెయ్యి ఆనించింది. "వెచ్చగా ఉండాది వదినా" అంది.

అప్పుడే తెర ఆరిపోయింది. చప్పుడూ ఆగింది. బ్యాటరీ అయిపోకుండా అదే ఆరిపోతుందట, మునికృష్ణ చెప్పాడు. మళ్ళీ వేసి చూద్దామంటే వాడు వెనక్కి జరిగాడు. నేనూ వెయ్యలేదు. వాడు దిగాడా... చుక్క ఆరింది అందుకేనా... ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

పొలంలో అన్నీ అయ్యాక మునికృష్ణ ఒంటరిగా కారు తీసుకుని వెళ్ళాడు. చిక్కబళ్ళాపుర చేరి ఫోన్ చేశాడు. "అక్కా, దారంతా వెనక సీటు బెల్టు పెట్టుకోమని చెప్తానే ఉండాది" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

సర్వీసువాళ్ళు చూసి అంతా సరిగా ఉందన్నారు. వాడు కారు అమ్మేశాడు. అది చేతులు మారి ఎక్కడికో పోయింది, వాడి దగ్గర కొన్నవాళ్ళకీ తెలియదు. నారాయణమ్మ ఇప్పటికీ సందెవేళ అడుగుతుంది, "ఆ బండి యాడుండాదో కనుక్కో వదినా, ఒక్కసారి పిలిచి వస్తాను" అని. ఏం చెప్పను? అది మిషను తప్పే కావచ్చు. నాకు తెలియదు. ఎన్నిసార్లు తలచుకున్నా తెలియదు.

కానీ వాడు అందులోనే ఉంటే... ఏ ఊళ్ళోనో, ఎవరింటి ముందో రోజూ ఆ తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. దిగమని పిలవడానికి వాళ్ళకు మా వాడి పేరు కూడా తెలియదు.