ఒక కార్డు, రెండు కవర్లు

దశమభాగం తీయాల్సింది చేతికొచ్చిన జీతం మీదా, కోతలకు ముందున్న జీతం మీదా? ఇరవై ఏళ్ళ కాపురంలో మా ఆయనా నేనూ ఈ ఒక్క విషయం మీద పోట్లాడినంతగా ఇంక దేని మీదా పోట్లాడలేదు. మా అత్తగారి మీద కూడా ఇంత పోట్లాట జరగలేదు.

వచ్చినదానిలో పదో వంతు దేవుడిది. మా సంఘంలో దాని గురించి ఎవరూ రెండో మాట అడగరు. మా ఆయనది నాదర్‌గుల్, తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. మాది గుంటూరు వైపు. నేను కూడా దేవుడి వాటా పక్కన పెట్టిన తరువాతే బియ్యం కొనే ఇంట్లో పెరిగాను. కాబట్టి ఇవ్వాలా వద్దా అన్న పేచీ మాకెప్పుడూ లేదు. ఎంత అన్నదే పేచీ.

ఎల్.బి.నగర్‌లోని మా మందిరంలో కుటుంబానికి ఒక కార్డు నంబరు ఉంటుంది. నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల రోజున, కవరులో డబ్బు పెట్టి పైన ఆ నంబరు వేసి కానుకల సంచిలో వేస్తాం. పేరు రాయం. కుడి వైపు మగవాళ్ళు, ఎడమ వైపు ఆడవాళ్ళు కూర్చుంటారు. రెండు వైపులా రెండు సంచులు తిరుగుతాయి. మా ఇంటి కవరు ఎప్పుడూ మగవాళ్ళ సంచిలోనే పడేది. నేను స్కూల్లో లెక్కలు చెప్పి తెచ్చిన జీతంలో పదో వంతు కూడా ఆయన జేబులోంచే వెళ్ళేది.

మా పాపకు ఇంటర్ అయిపోయిన ఏడాది మెడిసిన్ సీటు కొద్ది మార్కుల్లో పోయింది. ఒక్క సంవత్సరం లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటే వస్తుందని వాళ్ళ లెక్చరర్లందరూ చెప్పారు. మేముండేది దిల్‌సుఖ్‌నగర్. మా సందులో ఇళ్ళకంటే హాస్టళ్ళు ఎక్కువ. ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో వచ్చి మా కిటికీ అవతల కూర్చుని చదువుకుంటారు. మా పిల్ల మాత్రం సందు చివరి కోచింగ్ సెంటర్ బోర్డు కింద నుంచి రోజూ పాల ప్యాకెట్ తెచ్చేది.

ఆయన పళ్ళ మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ నడిచి వెళ్ళేవారు. అది బాటసింగారం వెళ్ళిపోయాక జీతంలో మంచి ముక్క పెట్రోలుకే పోవడం మొదలైంది. అప్పుడే నేను నోరు తెరిచాను.

"ఏవండీ, ఈ ఒక్క ఏడాది పెట్రోలూ పీఎఫ్ కోతా పోగా మిగిలినదాని మీద ఇద్దాం. ఆ తేడాతో నెలనెలా చీటీ కంతు కడుతూ, నేను ముందే చీటీ పాడి తెస్తే, పిల్ల లాంగ్ టర్మ్‌కి సరిపోతుంది. దేవుడికి తెలియదా మన సంగతి?"

"దేవునికి పెట్రోల్ బిల్లు చూపిస్తవా?" అన్నారు. "గట్లయితే కరెంట్ బిల్లు గూడ చూపియ్యి. కూరగాయల బిల్లు గూడ చూపియ్యి."

"మీకు సంచి నిండితే చాలు. పిల్ల ఏమైపోయినా ఫర్వాలేదు."

నిజానికి ఆ మాట నేను అనకూడదు. అన్నాను. ఆయన "సరే. ఇగ నేను ముట్ట. జీతం తెచ్చి నీ చేతిల పెడ్త. దేవునికి ఇస్తవో, తింటవో నీ ఇష్టం," అని లేచి వెళ్ళిపోయారు.

తింటవో అన్న మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా గెలిచాను అనుకున్నాను. ఫీజు సంగతి కనుక్కోవడానికి కోచింగ్ సెంటర్‌కు కూడా వెళ్ళి వచ్చాను.

ఆ వారంలోనే పాపకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులైనా తగ్గలేదు. ఆ నెల మొదటి ఆదివారం మా పాస్టరు అయ్యగారు దేవుడి వాటా మింగిన ఇళ్ళ గురించి ప్రసంగం చేశారు. అయ్యగారు వేలు మొత్తం సంఘం వైపే చూపించి ఉంటారు, నాకు మాత్రం నా వైపే కనిపించింది. లెక్కలు చెప్పుకునే మనిషిని, జ్వరానికీ కవరుకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా భయం వేసింది. ఇద్దరి జీతాల మీద, కోతలకు ముందున్న మొత్తం మీద, పైసా తగ్గకుండా తీసి ఆడవాళ్ళ సంచిలో వేశాను.

ఆయనకు చెప్పలేదు. చెబితే ఓడిపోయినట్టే కదా! చెప్పకుండా ఉన్నది ఆ పంతానికే, ప్రతి నెలా అలాగే వేసింది ఆ భయానికే. లాంగ్ టర్మ్ గురించి పాప అడిగినప్పుడు "వీలు కావట్లేదమ్మా" అన్నాను. ఎందుకు కావట్లేదో అది అడగలేదు. ఎల్.బి.నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీలో చేరింది. తన గైడ్లన్నీ కట్టగట్టి పక్క హాస్టల్ అమ్మాయికి ఇచ్చేసింది.

ఇంట్లో డబ్బు ఇంకా బిగుసుకుంది. నెలనెలా లోడింగ్ దగ్గర నిలబడితే వచ్చే పై డబ్బు సేటు ఆపేశాడని ఆయన చెప్పారు. నమ్మాను. సాయంత్రాలు ట్యూషన్లు పెట్టుకున్నాను.

ఇలా ఏడాది పైన గడిచింది. పాప రెండో ఏడాది ఫీజు కట్టే వేళకు చేతిలో ఏమీ లేక, సంఘంలో పేద పిల్లల చదువుకు ఒక నిధి ఉందని గుర్తొచ్చి అయ్యగారి భార్య దగ్గరకు వెళ్ళాను. ఆమెను అందరం అమ్మగారు అంటాం. సిగ్గు చంపుకుని అడిగాను. ఆవిడ రిజిస్టరు తెరిచి మా నంబరు చూసి నవ్వారు.

"అదేంటమ్మా, మీకెందుకు సాయం? మీ కార్డు మీద నెలకు రెండు కవర్లు వస్తుంటే!"

"రెండేంటండీ?"

"ఆడవాళ్ళ వైపు నుంచి నీది, మగవాళ్ళ వైపు నుంచి మీ ఆయనది. రెండూ పూర్తి భాగాలే. మీ ఇద్దరి విశ్వాసం గురించి అయ్యగారు ఎన్నిసార్లు చెప్పుకున్నారో. ఈ నిధి ఏమీ లేనివాళ్ళకు తల్లీ."

ఇన్ని నెలలుగా చూస్తూ, ఒక్కసారి పిలిచి అడగాలని మీకు తోచలేదా అని ఆవిడ మొహం మీద అడగాల్సింది. "సరేనండీ" అని వచ్చేశాను. ఇప్పటికీ ఆ "సరేనండీ" తలుచుకుంటే నా మీద నాకే కడుపు మండుతుంది.

ఆయన మార్కెట్ నుంచి రాగానే అడిగాను.

"నువ్వు ఇయ్యవనుకున్న," అన్నారు. "పిల్లకు జరమొచ్చింది గదా, దేవుడు ఇంకేం జేస్తడోనని నాకు బుగులైంది. లోడింగ్ పైసలు ఆగలే. అవ్వే ఇస్తున్న."

"నేను ఇవ్వనని ఎలా అనుకున్నారు?"

"నేను ఇయ్యనని నువ్వెట్ల అనుకున్నవ్?"

లోపలి గదిలో ల్యాబ్ రికార్డు రాసుకుంటున్న పాప గుమ్మంలోకి వచ్చింది. అంతా విన్నదని మొహం చూస్తేనే తెలిసింది.

"ఏ నెల నుంచి?" అంది.

"జూన్," అన్నాను.

లాంగ్ టర్మ్ అడ్మిషన్లు జూన్‌లోనే. అది లెక్క కట్టడానికి దానికి కాగితం అక్కర్లేదు. నాకు పుట్టిన పిల్ల. మా ఇద్దరినీ ఒకసారి మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళి మళ్ళీ రికార్డు ముందు కూర్చుంది. అది ఏడ్చినా, తిట్టినా నాకు కాస్త ఊపిరి ఆడేది. దేవుడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. దేవుడు రెండో కవరు అడగలేదు. మేమే ఇచ్చాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

ఇక మీదట ఒకటే కవరు, అదీ చేతికొచ్చినదాని మీద, నేనే వెయ్యాలని తీర్మానం చేసుకున్నాం. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. నేను కూడా ఆయన్ని నమ్మాను, నమ్మాననే అనుకున్నాను.

తరువాత వచ్చిన మొదటి ఆదివారం మందిరం గేటు దగ్గర చెప్పులు విప్పుకుంటున్నాం. ఆయన కుడి వైపుకు, నేను ఎడమ వైపుకు వెళ్ళాలి. "ఒక్క నిమిషం ఆగండి," అని దగ్గరకు వెళ్ళి ఆయన చొక్కా జేబు తడిమి చూశాను. రుమాలు తప్ప ఏమీ లేదు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. జనం చూస్తుండగానే ఆయన కూడా నా బ్యాగు జిప్పు తీసి, లోపల ఉన్నది ఒక్క కవరేనా అని వేళ్ళతో వెతికి చూసుకున్నారు.

పాప మాతో రాలేదు. ఆ జూన్ సంగతి తెలిసిన రోజు నుంచి అది మందిరానికి రావడం మానేసింది. ఎందుకు రావని అడిగే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు.