కండక్టర్ నిదానం

మొన్న దేవీచౌక్‌లో సిటీ బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా ఒక ముసలాయన చేతికర్రతో వచ్చి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండోది పెట్టలేక అవస్థ పడుతుంటే ముఖం చూసి గుర్తుపట్టాను. మా పాత కంట్రోలరు గారు. జాలి కలగాల్సిన చోట నాకు సంతోషమే కలిగింది, దాచుకోవడమెందుకు.

నేను ఈ ఊళ్లో సిటీ బస్సు లేడీ కండక్టరుగా చేరిన రోజుల్లో బస్సు వేగం డ్రైవరు కాలి కింద ఉండేది కాదు, మెట్టు మీద ఉండేది. ఆ బస్సులెక్కినవారికి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే గోదావరి గట్టు నుంచి వచ్చే ఆడవాళ్లు ఎక్కాలంటే ముందు వాళ్ల చేపల బుట్ట ఎక్కాలి, ఆ బుట్టకి నేనో చెయ్యి వెయ్యాలి; స్టాపు కాని చోట చెయ్యెత్తిన పెద్దమనిషి ఒక కాలు మెట్టు మీద వేసి, మా ఆవిడ వచ్చేస్తోందండి అంటూ సందులోకి చూస్తూ నిలబడేవాడు; ఈలోగా రైలు గేటు పడేది. మేము బస్టాండు చేరేసరికి కంట్రోలరు గారు వాచీ చూసుకుంటూ ఉండేవారు. ఆయన మాత్రం ఒక్కరోజూ మా బస్సెక్కిన పాపాన పోలేదు.

బస్సులెందుకు ఆలస్యమవుతున్నాయో రాసి పంపమని పైనుంచి అడిగారట. ఆయన మా బస్సుకి ఒకే కారణం రాసి నా చేత సంతకం పెట్టించారు: కండక్టర్ నిదానం. మా ఇళ్లలో పెళ్లిచూపులకొచ్చినవాళ్లు పిల్ల నిదానమండి అంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు. నేనూ అలాగే మురిసిపోయి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసి, థాంక్సండి అని కూడా అన్నాను. మా అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. వారం తిరక్కుండా నన్ను బస్సు మీద నుంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఇదేంటండీ అని అడిగితే, సంతకం నీదే కదమ్మా అన్నారాయన. రిటైరయ్యేదాకా రైట్ రైట్ అనే భాగ్యం మళ్లీ నాకు దక్కలేదు. ఆ గదిలో కూర్చున్నన్నాళ్లూ ఆ మాటని ఆయనకి తిరిగి అప్పజెప్పే రోజు కోసమే ఎదురుచూశాను.

ఇప్పటి బస్సులో డ్రైవరే టిక్కెట్టూ ఇస్తున్నాడు. త్వరగా ఎక్కండి తాతగారూ, టైమైపోతోందని అతను విసుక్కుంటుంటే, లేచి నిలబడి బస్సంతా వినేలా అన్నాను.

"ఆగు బాబూ, ఆయన నిదానం."

అంటూనే, పాడు అలవాటు, నా చెయ్యి వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుని పైకి లాగింది. ఆయన నా పక్కనే కూలబడి, ఆయాసం తీర్చుకుని, నన్ను ఏమాత్రం పోల్చుకోకుండా చేతులు జోడించారు.

"థాంక్సండి. మంచిమాటన్నారు. ఈ రోజుల్లో అలా అనేవాళ్లెవరున్నారండీ."

నా కడుపుమంట నా కడుపులోనే ఉండిపోయింది. అసలు అర్థం విప్పి చెబుదామని దారంతా నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చేపల బుట్టలు ఆటోల్లో వెళ్తున్నాయి, ఎవరి ఆవిడ కోసమూ బస్సాగడం లేదు, అయినా నేను దిగాల్సిన మోరంపూడికి బస్సు అప్పటికంటే ముందేమీ చేరలేదు. ఆయనకి ఏమీ చెప్పకుండానే దిగిపోయాను. ఇంటికెళ్లి మా అమ్మలాగే నలుగురికీ చెప్పుకుని మురిసిపోతారు కాబోలు, మురిసిపోనీ.