మా అత్త ఎవరినీ క్షమించలేదు

పోయిన సోమవారం పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. మా అత్త పోయింది. మా నాయనకు అక్క ఆమె, మిషను ఎలిమెంటరీ బడిలో టీచరమ్మగా చేసి రిటైరైన మనిషి. రాత్రి అన్నం తిని పడుకుంది, తెల్లారి లేవలేదు అన్నారు. నంద్యాలలో దొరికిన మొదటి బస్సెక్కి వెళ్లాను. దారిలో ఏడుపు రాలేదు. సమాధి దగ్గర పాస్టరు గారు మాట్లాడుతూ, ఈ తల్లి ఎవరి మీదా కోపం ఉంచుకోలేదు, అందరినీ క్షమించి ప్రశాంతంగా వెళ్లిపోయింది అన్నారు. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నవాళ్లు నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు. నేను నవ్వు ఆపుకుంటున్నాను.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. పాస్టరు కొత్తవాడు, ఆయనకు మా అత్త తెలియదు, తప్పుపట్టను. కానీ అంత పెద్ద అబద్ధాన్ని మట్టితోపాటు ఆమె మీద కప్పి రావడం నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మా అత్త ఎవరినీ క్షమించలేదు. క్షమించకపోవడంలో ఆమెకున్న ఓపిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఒకసారి పుచ్చు వంకాయలు అంటగట్టాడని ఒక కూరగాయల అంగడి ముందు నుంచి నడవడం మానేసింది. బజారుకు పోవాలంటే వీధంతా చుట్టి పోయేది. ఆ అంగడాయన కాలం చేసి, కొడుకు తక్కెడ పట్టుకున్నా ఆమె దారి మారలేదు. రాత్రి ప్రార్థనలో తనకు అపకారం చేసినవాళ్లను పేరు పేరునా తలుచుకునేది. దీవించమని కాదు, దేవుడు మరిచిపోతాడేమోనని గుర్తు చేయడానికి. చర్చిలో అందరం పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు, క్షమించే మాట దగ్గరికి రాగానే గమ్మున నోరు మూసుకునేది. అది దాటాక మళ్లీ అందుకునేది. చిన్నప్పుడు పక్కన నిలబడి కనిపెట్టి, ఎందుకత్తా అని అడిగాను. దేవుని ముందర అబద్ధం ఆడమంటావా అని నన్నే కసిరింది.

నాకు ఈత నేర్పింది ఆమే. డెబ్బైల చివర్లో సంగతి. మా నాయన నంద్యాలలో జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. బడికి సెలవులివ్వగానే నన్ను ఆళ్లగడ్డలో అత్త దగ్గర దించి పోయేవాడు. అత్తకు పిల్లలు లేరు, మామ ఎప్పుడో పోయాడు. మిషను తోటలో ఒక పాత బావి ఉండేది, గుండ్రంగా, రాతి మెట్లతో. ఎండిన సొరకాయ బుర్రలు నా వీపుకు కట్టి, నడుముకు తాడు బిగించి, మెట్టు మీద నుంచి ఒక్క తోపు తోసింది. నీళ్లు మింగి పైకి తేలి చూస్తే, తాడు చివర పట్టుకుని ఎండలో నిలబడి జామకాయ తింటోంది. భయమైతే చెప్పు, ఇంకోసారి తోస్తా, అంది.

ఒక సెలవుల్లో బుర్రలు తీసేసింది. మరుసటి సెలవులకు తాడు తీసేసింది. నేను కప్ప ఈత బాగా ఈదేదాన్ని, చేతులు చాపి విప్పి, కాళ్లు ముడిచి తన్నే ఈత. బావిలో ఈతకు కొలత చుట్టు. మెట్టు దగ్గర బయల్దేరి గోడ వెంబడి పోయి మళ్లీ మెట్టు పట్టుకుంటే ఒక చుట్టు. ఎన్ని చుట్లు కొట్టినావని అత్త అడగడం, నేను ఒకటి కలిపి చెప్పడం, ఆమె దాన్ని తీసేయడం, అదొక ఆట మాకు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, కేసీ కాలువకు నీళ్లు వదిలాక, నంద్యాలలో పిల్లలకు ఈత పోటీ పెడుతున్నారని మా బడిలో చెప్పారు. అందులో గెలిచినవాళ్లను జట్టు కట్టి కడపకు తీసుకుపోతారట. అక్కడ నిజమైన ఈతకొలను ఉందట, అడుగున పరిచిన బండలు కూడా కనపడేంత తేటగా ఉంటాయట నీళ్లు. పచ్చటి బావి నీళ్లలో నా కాళ్లే నాకు కనపడేవి కావు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు. చాగలమర్రి దాటి లోకం చూడని పిల్లను నేను. కడప పోవాలి, ఆ నీళ్లలో దిగాలి, అంతే.

అత్త బడికి సెలవు పెట్టి వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, కాలువ గట్టు మీద కనపడిన ప్రతి ఒక్కరికీ, మా పిల్లకు నేనే నేర్పినా అని చెప్పుకుంది. పోటీ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు. ప్రమాదం జరక్కుండా లారీ ట్యూబులు పట్టుకుని ఇద్దరు మనుషులు నీళ్లలో ఉన్నారు. నాయన పాత బనియను, నిక్కరు తొడుక్కుని నేను వణుకుతున్నాను. అత్త వంగి నా చెవిలో చెప్పింది.

"భయపడాకు. ఒక్క చుట్టు, అంతే."

ఈల ఊదారు. దూకాను. అందరికన్నా ముందు పోతున్నానని తెలుస్తూనే ఉంది. సగం దూరం పోయాక నా ఒళ్లు దానంతటది ఎడమకు తిరిగింది, అక్కడ గోడ ఉన్నట్టు. శుభ్రంగా ఒక చుట్టు కొట్టి, బయల్దేరిన గట్టునే పట్టుకుని పైకెక్కి, గెలిచానని రెండు చేతులూ ఎత్తాను. మిగతా పిల్లలు అవతలి గట్టు మీద ఉన్నారు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టు గట్టంతా నవ్వింది. జట్టును ఎంపిక చేసే డ్రిల్లు సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. కానీ ఆయన నవ్వి ఊరుకోలేదు.

"బావిలో కప్పను తెచ్చి కాలవలో వదిలినారే టీచరమ్మా. ఈ ఈతలు మీకెందుకు, సండేస్కూల్లో కథలు చెప్పుకోక?"

మా అత్త తువ్వాలుతో నా తల తుడిచింది, గట్టిగా, చెవులు మండేలా. నేను చుట్టు కొట్టింది ఆమె మాట విని. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రి ప్రార్థనలో కొత్త పేరు చేరింది.

ఆ తర్వాతి ఏడాదంతా మాది ఈత నేర్చుకోవడం కాదు, పగ తీర్చుకోవడానికి ఆయత్తం కావడం. కోపం ఊరగాయ మాదిరి, మూత తీయకుండా ఊరనిస్తేనే రుచి అనేది అత్త. వేసవిలో బావిలో గోడ వెంబడి ఈదితే చింతబరికె చూపించేది. ఈ గోడ నుంచి ఎదురు గోడకు, నిట్టనిలువునా, మళ్లీ వెనక్కి. ఒళ్లు పక్కకు తిరగబోతే పైనుంచి కేక. కాలువకు నీళ్లు రాగానే సెలవు పెట్టి నంద్యాల వచ్చి మా ఇంట్లో దిగింది. పొద్దున్నే చాకిరేవు దగ్గర వంతెన దాటి అవతలి గట్టుకు పోయి నిలబడేది. తిన్నగా నా దగ్గరికి రా అనేది. నీళ్లలో దిక్కు తెలియడం లేదని ఏడిస్తే ఒక ఉపాయం చెప్పింది.

"ఎదురుగా ఆయప్ప ముఖముండాదనుకో. పోయి తన్ను."

"కప్ప తన్నేది ఎనక్కి కదత్తా?"

"ఎనక్కి తంతేనే ముందుకు పోయేది. పో."

నిజం చెబుతున్నాను, డ్రిల్లు సారు ముఖం నాకు కనపడింది. మీసంతో సహా. దాన్ని చూసుకుంటూ పోతే పక్కకు తిరగాలనే అనిపించేది కాదు. తర్వాత ఎంతోమంది దగ్గర ఈత మెళకువలు నేర్చుకున్నాను గానీ, దారి తప్పకుండా ఈదడానికి అంతకన్నా మంచి ఉపాయం ఎవరూ చెప్పలేదు.

మళ్లీ పోటీ వచ్చింది. అదే గట్టు, అదే ఈల, అదే డ్రిల్లు సారు. గీత గీసినట్టు పోయి అవతలి గట్టు పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మిగతావాళ్లు ఇంకా నడి కాలువలో ఉన్నారు. ఈసారి గట్టు చప్పట్లు కొట్టింది. వంతెన మీదుగా నడిచి వస్తుంటే నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. కడప వచ్చేసింది అనుకున్నాను.

డ్రిల్లు సారు మంచిగానే మాట్లాడాడు. పిల్ల చాలా బాగా ఈదింది టీచరమ్మా, పేరు రాసుకుంటున్నా అన్నాడు. మా అత్త తెల్లచీర కొంగు బిగించి దోపుకుంది.

"రాసుకోవద్దండి. మా పిల్ల మీ జట్టులోకి రాదు."

"ఏందమ్మా, ఎందుకు రాదు?"

"బావిలో కప్ప కదా సార్, బావిలోనే ఉంటాది. పోయినేడు నవ్వినారే, యాదుందా? ఇప్పుడు నవ్వండి."

గట్టు మీద ఎవరూ నవ్వలేదు. ఏడాది పాటు ఆమె ఆ క్షణం కోసమే బతికిందని నాకు అప్పుడు తెలిసింది. నేను కడప కోసం ఈదుతున్నాను, ఆమె ఈ రెండు మాటల కోసం ఈదిస్తోంది. నా తడి చెయ్యి పట్టుకుని, తల ఎత్తుకుని, జనం మధ్య నుంచి నడిపించుకు వచ్చింది. ఊరేగింపులా నడిచింది. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నానని ఆమె గమనించింది హోటలు దగ్గరికి వచ్చాకే. రెండు ప్లేట్లు ఉగ్గాని, బజ్జీ తెప్పించింది. నేను ముట్టుకోలేదు. ఏమైందమ్మీ, గెలిచినాం కదా అంది. నువ్వు గెలిచినావు అన్నాను. ఆమె నా ప్లేటు కూడా తనవైపు లాక్కుని తినేసింది.

ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఊరికి పోయేటప్పుడు గుమ్మం దాకా కూడా రాలేదు. ఆ వేసవి సెలవులకు ఆళ్లగడ్డ పోనన్నాను. మా నాయన బతిమాలాడు, తిట్టాడు, అక్క బాధపడుతోంది అన్నాడు. పడనీ అన్నాను. చివరికి ఆయనే, అచ్చం మా అక్కే పుట్టింది రా దేవుడా అని నెత్తి కొట్టుకున్నాడు. నేను అత్తను క్షమించడం అన్నది నా ఆలోచనలోకే రాలేదు. క్షమించడం ఎలాగో మా ఇంట్లో నాకు నేర్పినవాళ్లెవరు?

మూడో ఏడు నాయనను వెంటబెట్టుకుని పోటీకి పోయాను. అత్తకు చెబితే ఇంట్లో అన్నం ముట్టనని ముందే బెదిరించాను. నాయన డ్రిల్లు సారుకు నమస్కారం పెట్టి, పోయినేటి మాటలకు ఏమనుకోవద్దని చెప్పుకున్నాడు. ఆయన పర్వాలేదప్పా అన్నాడు. ఈల పడింది. దూకాను. ఆ రోజు ఎదురుగట్టు మీద నాకు కనపడింది డ్రిల్లు సారు ముఖం కాదు, మా అత్త ముఖం. దాన్ని తన్నడానికి ఎంత వేగంగా పోయానంటే, గట్టు రాయికి నా గోళ్లు విరిగాయి. సారు పేరు రాసుకున్నాడు.

తర్వాత చాలా ఏళ్లు జిల్లా తరఫున ఈదాను. గెలిచినవి ఉన్నాయి, ఓడినవి ఉన్నాయి. అత్తతో మాటలు కలిశాయి, సెలవులకు పోయాను, ఆమె చేతి కూడు తిన్నాను, పెద్దతనంలో ఆమె కంటికి ఆపరేషనైతే పక్కన ఉండి చూసుకున్నాను. కానీ ఆ రోజు చేసింది తప్పని ఆమె ఏనాడూ అనలేదు. పోనీలే అని నేనూ అనలేదు. మేమిద్దరం దాన్ని అలాగే ఉంచుకున్నాం, దాచుకున్నాం కూడా. ఆమె మీద కోపం లేని ఒక్క రోజు కూడా నాకు గుర్తు లేదు. ఆమెను ప్రేమించని రోజు కూడా లేదు. పాస్టరు గారికి ఇది ఎలా చెప్పను?

మేం మొదటిసారి కడపకు పోయిన రోజు సంగతి మాత్రం చెప్పాలి. జట్టును బస్సులో తీసుకుపోతున్నారు. ఆళ్లగడ్డ స్టాండులో బస్సు ఆగింది. డ్రిల్లు సారు ముందు తలుపు పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనక కిటికీ దగ్గర. చూస్తే అత్త, తెల్లచీరలో, ఒక్కో కిటికీ వెతుక్కుంటూ వస్తోంది. నాయనే చెప్పి ఉంటాడు. నా కిటికీ దగ్గర ఆగింది. ఏడాది తర్వాత ఆమెను చూడటం.

"కోపం పోల్యా?"

"పోలేదు."

"మంచిది. పోగొట్టుకోవద్దు. నీళ్లలో దిగేదాకా అట్లే పెట్టుకో."

తర్వాత ఇంకేమీ జరగనట్టు, చేతులు యాడ విప్పుతాండావని అడిగింది. చూపించాను. ఎదకాడ్నే విప్పితే ఏమొస్తాది, పూర్తిగా చాపినాక విప్పల్ల అని కసిరింది. అంతలో బస్సు కదిలింది. అత్త రోడ్డు పక్కన నిలబడి, నాకు అర్థమయ్యేలా రెండు అరచేతులు కలిపి ముందుకు చాపి చూపించింది.

బస్సు స్టాండులో చుట్టు తిరిగి మళ్లీ ఆమె ముందు నుంచే పోతోంది. ముందు సీట్లోని డ్రిల్లు సారు కిటికీలోంచి ఆమెను చూశాడు. టీచరమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. పాపం, ఆయన ముఖం మెత్తబడింది. పాతవన్నీ మరిచిపోయిందనుకున్నాడు. తల వంచి, ఎంతో మర్యాదగా తిరిగి నమస్కారం పెట్టాడు.

మా అత్తకు విషయం తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. వెంటనే చేతులు విడదీసింది, నిప్పు ముట్టుకున్నట్టు. అప్పటికి బస్సు కడప రోడ్డెక్కింది. నేను వెనక అద్దం దగ్గరికి పరిగెత్తాను. ఆమె చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, ఒక చెప్పు దారిలో వదిలేసి, దుమ్ములో బస్సు వెంట పరిగెత్తుతోంది. "నీకు కాదప్పా!" అని అరుస్తోంది. "నీకు కాదు!"