పెద్దమ్మ చెయ్యి వాచింది

మా పెద్దమ్మ కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ముప్పై ఏళ్లుగా బోల్టులు బిగించీ బిగించీ వేళ్ల కణుపులు వాచిపోయాయి. మందుల షాపులో అడిగితే తెల్ల మాత్రలేవో ఇచ్చారు. మూడోరోజుకల్లా వాపు మాయం.

ఇక పెద్దమ్మను పట్టుకోవడం ఎవరి తరం? వీధిలో ఏ మిషను కిర్రుమన్నా పిలవకుండానే వెళ్లి విప్పేసేది.

“నన్నూ విప్పి నూనె పోస్తావా ఏంటి?” అన్నాడు పెదనాన్న.

“మీకు నూనె చాలదు, పార్టులే మార్చాలి.”

ఆ మాత్రలు మింగుతూనే రెండు నెలలు గడిచాక, ఒకరోజు స్క్రూడ్రైవర్ జారి ఆమె ఎడమ అరచేతిలో దిగింది. కడిగి గుడ్డ కట్టుకుంది. ఎరుపు లేదు, వాపు లేదు, పెద్దగా నొప్పీ లేదు. “చూశారా, ఉక్కు ఒళ్లు!” అని ఒకటే గొప్పలు. కానీ గాయం మూసుకోలేదు. పదోరోజున ఒళ్లు వణికింది. నేనే స్కూటర్ మీద డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ నొక్కగానే చీము ఉబికింది. మాత్రల అట్ట చూసి తల పట్టుకుంది.

“ఇవి స్టెరాయిడ్లమ్మా. క్రిములు చొరబడితే ఒళ్లు అక్కడికి రక్తం ఎక్కువ పంపిస్తుంది, తెల్లకణాలు పరిగెత్తుకొస్తాయి. అందుకే ఎర్రబడి వాస్తుంది. మీ మాత్రలు ఆ పరుగునే ఆపేశాయి. పైకి అంతా ప్రశాంతం, లోపల క్రిములు కాపురం పెట్టేశాయి.”

“అయితే వాపు మంచిదే అంటారా?”

“క్రిముల్ని తరిమేదాకా మంచిదే. ఆ తర్వాతా తగ్గకపోతే అదీ ముప్పే.”

“మరి నా హుషారు?”

“అందులో కొంత మాత్రలదే.”

పెద్దమ్మ మొహం చిన్నబోయింది.

డాక్టరమ్మ చీము తీసి, యాంటీబయాటిక్స్ రాసింది. స్టెరాయిడ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని, కొద్దికొద్దిగా తగ్గించింది. కొన్నాళ్లకు ఒక ఉదయం పెద్దమ్మ మా వంటింట్లోకి దూసుకొచ్చింది.

“గాయం చుట్టూ వాచిందే! ఎర్రగా వాచింది! ముట్టుకుంటే చుర్రుమంటోంది!”

ఇద్దరం చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. పక్కింటావిడ ఏదో శుభవార్త అనుకుని అభినందించింది కూడా. డాక్టరమ్మ చూసి, “ఒళ్లు పనిలోకి దిగింది,” అని నవ్వింది. ఇంకో రెండు వారాల్లో వాపు దిగింది, గాయం మానింది.

కణుపుల నొప్పి మాత్రం తిరిగొచ్చింది. ఈసారి కీళ్ల డాక్టరు ముందు కూర్చుని పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుంది.

“మందు రాయండి బాబూ. రాసేముందు అదేం చేస్తుందో నాకు పాఠం చెప్పండి. నేను మొద్దు స్టూడెంట్‌ని, రెండుసార్లు చెప్పాలి.”