గ్యాసు నిల్వలకు నేను చేసిన మధ్యస్తం

మన దేశంలో సహజవాయువు ఎంతుందో రెండే నిమిషాల్లో తేల్చేసి, మూడో నిమిషంలో నా ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టుకున్న వైనం చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకు మాత్రం ఆ రోజు ముచ్చెమటలు పోశాయి.

ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో జాగ్రఫీ లెక్చరర్ పోస్టుకు డెమో క్లాసు. అప్పటికే రెండు చోట్ల పొమ్మన్నారు. ఇదీ పోతే గేదెలు కాసుకోమని మా నాయన తేల్చి చెప్పారు. ఉదయగిరి దగ్గర మా ఊళ్లో ఆయన పెద్దమనిషి. పొలం గట్టు తగాదాలో ఒకడు పది అడుగులంటే, ఇంకొకడు రెండంటాడు. నాయన ఆరు దగ్గర రాయి పాతిస్తారు. ఇద్దరూ గొణుక్కుంటూ ఇళ్లకు పోతారు. న్యాయమంటే అదేనని నా నమ్మకం.

ముందు బెంచీలో ప్రిన్సిపాల్ మేడమ్, పక్కనే చమురు బావుల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన కూర్చున్నారు. ఇప్పుడు అనంతసాగరం దగ్గర నిమ్మతోట చూసుకుంటున్నారట. ఆయన నా చేతిలో రెండు కాగితాలు పెట్టారు.

"మన దేశంలో గ్యాసు ఎంత ఉండాదని ఇద్దరు వేసిన అంచనాలు. పోల్చి చెప్పు అబ్బయా."

ఒకటి ఏనుగంత, ఇంకొకటి ఎలుకంత. అంకెల పైనున్న రెండు వరుసలు చదివి ఉంటే బతికిపోయేవాణ్ణి. చదివితే నేను నేనెందుకవుతాను? రెండూ కలిపి, సగం చేసి, బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను.

"ఇదేంది?"

"మధ్యస్తం సార్. ఒకరు ఎక్కువ చెప్పినారు, ఒకరు తక్కువ చెప్పినారు. నిజం నడిమధ్యన ఉంటాది."

పెద్దాయన లేచి బోర్డు దగ్గరికొచ్చారు.

"నిమ్మచెట్టుకు పూత ఎంత వస్తాది? బస్తాకెక్కే కాయలెన్ని?"

"పూత చెట్టునిండా సార్. కాయలు కొన్నే."

"రెండూ కలిపి సగం చేస్తే ఏమొస్తాది?"

నేను డస్టరు తీసుకుని ముందు ఆ రెండు గీతలూ చెరిపాను.

"పెద్ద అంకె భూమిలో ఉండే గ్యాసంతా. చిన్నది మనం పైకి తీయగలిగింది. ఇద్దరూ నిజమే చెప్పినారు. లేని తగువుకు పంచాయితీ చేసినావు గదయ్యా!"

ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. నాకు కళ్లముందు గేదెలు కదులుతున్నాయి. చివరికి మేడమ్ గొంతు సవరించుకున్నారు.

"సారు వద్దంటా ఉండారు. నేను తీసుకుందామంటా ఉండాను. మీ పద్ధతిలోనే తేల్చినాము. వారానికి మూడు రోజులు రాండి."

ఇంటికొచ్చి చెబితే నాయన తల పంకించి, "న్యాయంగానే చేసినారు గదరా" అన్నారు.

ఆ అర ఉద్యోగం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రెండు అంకెలు నా కళ్లెదుటే జుట్టూ జుట్టూ పట్టుకున్నా సరే, దేన్ని లెక్కపెట్టారో చదవకుండా మధ్యలో దూరను.